గాడి లోతు

మా బీదరు తెలుగువాళ్ళకు మాటలతో చిన్న చిన్న చిక్కులు వస్తూనే ఉంటాయి. ఒకసారి బ్యాంకులో మధ్యాహ్న భోజనాల వేళ, "ఆ అబ్బాయి ఈమధ్య గాడిలో పడ్డాడు" అని నేను ఎవరి గురించో అన్నాను. పక్కనున్న కన్నడ మిత్రుడు కంగారుగా, "పాపం, దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు. ఆయన భాషలో గాడి అంటే బండి. మా భాషలో గాడి బండి కాదనీ, బండి చక్రం నడిచి నడిచి నేలలో ఏర్పడే బాట అనీ, చెక్కలోనో రాతిలోనో ఉలితో తీసిన సన్నని పల్లాన్ని కూడా అలాగే అంటామనీ చెప్పాను. "అయితే గుంటలో పడటం మీకు మంచి లక్షణమా!" అని ఆయన నవ్వాడు.

ఆయన నవ్వులాటకు అన్నా, ఆ మాట నన్ను పట్టుకుంది. గాడిలో పడటం మంచి అంటాం, గాడి తప్పడం చెడు అంటాం. కాని గాడి అంటే ఏమిటి? ఒక వస్తువులో నుంచి కొంత తీసివేయగా ఏర్పడ్డ ఖాళీ. నేను కామర్సు చదివినవాణ్ణి. ఉన్నదానికి విలువ కట్టడం నేర్పారు గాని, తీసివేసినదానికి విలువ ఎలా కట్టాలో మాకు ఎవరూ నేర్పలేదు. బంగారం మీద అప్పు ఇచ్చేటప్పుడు మా లెక్క నికరమైన బరువుకే. తరుగు, మజూరీ నగ చేయించుకున్నవాళ్ళు ఎప్పుడో కట్టుకున్న ఖర్చులు, అవి మా కాగితాల మీదికి రావు. కంసాలి ఎన్ని రాత్రులు కళ్ళు పొడుచుకున్నాడన్నది త్రాసుకు తెలియదు.

గాడులు తీయడం మనిషి చేసే అలంకారాల్లో చాలా పాతది. గ్రీకులు తమ గుళ్ళ స్తంభాలకు పైనుంచి కిందిదాకా నిలువు గాడులు చెక్కేవారు. డోరిక్ పద్ధతి స్తంభానికి సాధారణంగా ఇరవై, అయోనిక్ పద్ధతి స్తంభానికి ఇరవై నాలుగు. వేణువును నిలువునా చీల్చినట్టు ఉంటుంది గనుక ఇంగ్లీషులో ఈ పనికి ఫ్లూటింగ్ అని పేరు. స్తంభాన్ని ముక్కలు ముక్కలుగా నిలబెట్టిన తర్వాతే చాలావరకు ఈ గాడులు చెక్కేవారు. సిసిలీలోని సెజెస్టాలో క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన గుడి ఒకటి ఉంది. దాని స్తంభాలు ఈనాటికీ నున్నగా, గాడులు లేకుండానే నిలబడి ఉన్నాయి. మన ఢిల్లీ కుతుబ్ మినారు మొదటి అంతస్తులో ఒకటి గుండ్రంగా, ఒకటి కోణంగా వరస మార్చి మార్చి గాడులు కనిపిస్తాయి. మా జిల్లాలోని బసవకల్యాణం నుంచి ఏలిన చాళుక్యుల కాలపు గుళ్ళలోనూ, 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోనూ గాడులు అడ్డంగా, స్తంభం చుట్టూ తిరుగుతాయి. నిలువైనా అడ్డమైనా పని ఒకటే. రాతిలో నీడకు చోటివ్వడం. పొద్దు తిరిగినకొద్దీ ఆ నీడ కదులుతుంది, అంత బరువైన రాయీ తేలిగ్గా కనిపిస్తుంది.

మా వృత్తిలో రోజూ చేతికి తగిలే గాడి ఇంకొకటి ఉంది. అది నాణెం అంచు మీది గీతలు. నాణేలు వెండితోనూ బంగారంతోనూ చేసే రోజుల్లో కొందరు అంచులు కొద్దికొద్దిగా గీకి ఆ పొడిని కరిగించి అమ్ముకునేవారు. నాణెం మాత్రం పూర్తి విలువకే చెలామణి అయ్యేది. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలో యంత్రాలతో నాణేలు ముద్రించడం స్థిరపడ్డాక అంచుల మీద గాడులో అక్షరాలో వేయసాగారు. ఆ తర్వాత ఎవరు గీకినా ఇట్టే బయటపడిపోయేది. మనమంతా ఆపిల్ పండుతో గుర్తుపెట్టుకునే న్యూటన్ 1696లో లండన్ టంకశాలకు వార్డెనుగా వచ్చి, ఇలా అంచులు కత్తిరించేవాళ్ళనూ దొంగ నాణేలు చేసేవాళ్ళనూ వెంటాడి శిక్షలు వేయించాడు. ఇప్పటి నాణెంలో గీకి దొంగిలించవలసినంత లోహమేమీ లేదు. అయినా కొన్ని నాణేల అంచున గీతలు మిగిలాయి. కాపలా ఉద్యోగం పోయినా యూనిఫారం విప్పని ముసలి జవానులాగ.

ఈ రెండు రకాల గాడులూ కంటికి కనిపించేవి. ఒకటి అందానికి, ఒకటి కాపలాకు. మూడో రకం గాడి మా ఊళ్ళో ఉంది. అది పూర్తయిన వస్తువులో కనిపించదు. దాన్ని గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

బిద్రీ పని పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. హైదరాబాదులో చాలామంది ఇళ్ళలో ఒక పూలకుండీయో పాన్‌దానో ఉంటుంది. నల్లటి లోహం మీద వెండి తీగల అల్లిక. అది ఎలా చేస్తారో చూసినవాళ్ళు తక్కువ కాబట్టి చెబుతాను. పదహారు పాళ్ళు తుత్తునాగానికి, అంటే జింకుకు, ఒక పాలు రాగి కలిపి మట్టి మూసలో పోత పోస్తారు. వస్తువును ఆకురాయితో రుద్ది నునుపు చేసి, మైలుతుత్తం నీళ్ళు రాస్తారు. దానితో పైభాగం తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద సూదిమొన పనిముట్టుతో పువ్వులూ ఆకులూ గీసి, ఆ గీతల వెంట చిన్న ఉలులతో గాడి తీస్తారు. ఆ గాడిలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో కొడతారు. జిగురు లేదు, టంకం లేదు. గాడి పట్టుకోవాలి, వెండి కూర్చోవాలి, అంతే. చివరికి మా బీదరు కోటలో ఎండా వానా తగలని చోట్ల నుంచి తెచ్చిన పాత మట్టిని, నవాసాగరంతో కలిపి మరిగించిన నీళ్ళు పట్టిస్తారు. మూలలోహం కాటుకలాగ నల్లబడుతుంది. ఆ నలుపు వెండిని మాత్రం అంటదు.

ఈ పొదుగుడు పని మా ఊళ్ళో లోహానికే పరిమితం కాదు. కోటలోని రంగీన్ మహల్లో నల్లరాతిలో గాడులు తీసి ముత్యపు చిప్పలు పొదిగారు. 1542 నుంచి 1580 దాకా ఏలిన అలీ బరీద్ షా కాలపు పని అది. నాలుగున్నర శతాబ్దాలు గడిచినా ఆ చిప్పలు ఇంకా మెరుస్తున్నాయి. చిప్పలు గొప్పవే, కాని ఇన్నేళ్ళు వాటిని పట్టుకుని ఉన్నది గాడి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వెండి కూర్చున్న తర్వాత గాడి కనిపించదు. నిలువెత్తు లోతుగా తీసినా, పైపైన గీకి పల్చని వెండి అతికించినా, కొనేరోజున రెండూ ఒకలాగే మెరుస్తాయి. తేడా అయిదారేళ్ళ తర్వాత, తుడిచి తుడిచి ఒక రేకు ఊడినప్పుడు తెలుస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో, కొన్నవాడు ఎవరికి బహుమతిగా ఇచ్చేసి ఉంటాడో! అంటే నష్టం ఎప్పుడూ గాడి తీసినవాడి మీద పడదు. ఎవరూ చూడని చోట, ఎవరూ డబ్బివ్వని లోతును మనిషి ఎందుకు తీయాలి?

దీనికి నీతి పుస్తకాల సమాధానం నాకు తెలుసు. దేవుడు చూస్తాడనీ, అంతరాత్మ చూస్తుందనీ. ఆ సమాధానం తొందరపడి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే లోతుకు ఖర్చుంది. లోతైన గాడికి ఎక్కువ గంటలు పడతాయి, మందమైన వెండి కావాలి. కొనేవాడు, "అవతలి కొట్లో ఇదే రెండు వందలు తక్కువ" అంటాడు. ఆ రెండు వందలు ఎక్కడ తగ్గాయో ఆయన అడగడు. వెండి ధర పెరిగినకొద్దీ ఉలి పట్టినవాడి మీదే ఒత్తిడి. కడుపు నిండినవాళ్ళం కుర్చీల్లో కూర్చుని, పేదవాడు ఎవరికీ కనిపించని చోట నిజాయితీగా ఉండాలని కోరుకోవడం కూడా ఒక రకమైన బేరమే. తప్పులో కొంత వాటా బేరమాడినవాడిది. బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో మా ఊరి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ వచ్చింది. మాకందరికీ గర్వకారణమే. కాని గుర్తింపు పేరును కాపాడుతుంది, గాడి లోతును కొలవదు.

అయితే లోతు ఖర్చు భరించగలిగి కూడా తీయనివాళ్ళ మాటేమిటి? ఇక నా సంగతి చెప్పాలి.

1998లో నేను బీదరులో ఫీల్డ్ ఆఫీసరును. ముప్పయ్యేళ్ళవాణ్ణి. ఒక కుర్రవాడు బిద్రీ దుకాణం పెట్టుకుంటానని పాతికవేలు అప్పు అడిగాడు. పనిముట్లకు కొంత, వెండి తీగకు కొంత. అతనికి హామీగా అతని గురువు వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. శిష్యుడి పనితనం చూపించడానికి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, కొత్త అధికారి దర్జాతో, "ఈ వెండి పైన అతికించింది కాదని నాకెలా తెలుస్తుంది ఉస్తాద్?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన ఉలి తీశాడు. డబ్బా మూత మీది పువ్వులో ఒక రేకు అంచున మొన పెట్టి మెల్లగా లేపాడు. అది అంత సులువుగా రాలేదు. రెండు మూడు నిమిషాలు పట్టింది. రేకు ఊడిన చోట గాడి కనిపించింది. గోడలు నిలువుగా, అడుగు సమంగా ఉన్నాయి. "చూడండి సాబ్. వీడు ఎవరూ చూడరని తెలిసి కూడా ఇంత తీశాడు. వీడికి నేను జమానత్ ఉంటాను" అన్నాడు. తర్వాత ఆ రేకును మళ్ళీ గాడిలో పెట్టి, నా బల్ల మీది పేపర్‌వెయిట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి, బొటనవేలితో రుద్దాడు. ఏ రేకు ఊడిందో కొంచెంసేపటికి నేనే పోల్చుకోలేకపోయాను.

అప్పు ఇచ్చాం. ఇచ్చిన మూడు నెలలలోగా, అంటే డిసెంబరులో, నేను ఆ దుకాణానికి వెళ్ళి పనిముట్లూ వెండీ ఉన్నాయో లేవో చూసి రాయాలి. నేను వెళ్ళలేదు. దుకాణం మా బ్యాంకు నుంచి నడిచివెళ్తే పావుగంట దూరం. వెళ్ళకపోవడానికి చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు. పని ఎక్కువ, రేపు చూద్దామనుకున్నాను. మార్చి నెలాఖరు వచ్చింది. ఆడిటు ముందు ఫైళ్ళన్నీ పూర్తిచేయాలి. ఒక సాయంత్రం నా బల్ల దగ్గరే కూర్చుని, అలాంటి పది పన్నెండు తనిఖీ నివేదికలు వరసగా రాసేశాను. ఆ కుర్రవాడి కాగితం మీద డిసెంబరు తేదీ వేసి, "దుకాణం చూశాను, సరుకు ఉంది, పని సాగుతున్నది" అని సంతకం పెట్టాను. ఆడిటు వాళ్ళు ఆ కాగితం చూశారు, టిక్కు పెట్టారు. పైకి అది నిగనిగలాడుతూనే ఉంది.

ఆ ఏప్రిల్‌లో వాయిదాలు ఆగిపోయాయి. విచారిస్తే దుకాణం ఎప్పుడో మూతపడింది. వెండి అమ్మేసుకుని కుర్రవాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఇంట్లో జబ్బో, అప్పులో, జూదమో, తలొక మాట చెప్పారు. హామీ ఉన్నవాణ్ణి బ్యాంకు అడుగుతుంది. ఉస్తాద్ వచ్చాడు. వడ్డీ కొంత తగ్గించి బాకీ 19,200గా తేల్చారు. నెలకు 400 చొప్పున నాలుగేళ్ళు కట్టాడు. నలభై ఎనిమిది సార్లు వచ్చాడు. మధ్యలో నాకు హుమ్నాబాదుకు బదిలీ అయింది, తిరిగి బీదరుకే వచ్చాను. ఆయన ఆఖరి వాయిదా కట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను.

రసీదు మడిచి జేబులో పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సాబ్, ఒక్క మాట అడుగుతాను. మీరు డిసెంబరులో చూడడానికి వెళ్ళారు కదా. అప్పుడు వెండి ఉందా?"

నాకు ఆయన ప్రశ్న ఎందుకో అర్థమైంది. శిష్యుడు మొదటినుంచీ మోసం చేయాలనే అప్పు తీసుకున్నాడా, లేక తర్వాత ఏదో కష్టంలో పడి చెడిపోయాడా? నాలుగేళ్ళుగా ఆయన ఆ ఒక్క సంగతి తెలుసుకోవాలనుకున్నాడు. డబ్బు సంగతి కాదు. నేను వెళ్ళలేదని చెప్పడానికి నోరు రాలేదు. "ఉంది ఉస్తాద్. చూశాను" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "అయితే వాడు మొదటినుంచీ దొంగ కాదు" అని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ కుర్రవాడు ఊరికి తిరిగివస్తే, ఇంటివాళ్ళు వద్దంటున్నా మళ్ళీ పనిలో పెట్టుకున్నాడని విన్నాను. ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటింది, సొంత దుకాణం ఉంది. చాలా మంచి పనివాడు.

నా అబద్ధం మేలే చేసింది కదా అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఒక ముసలివాడి మనసు కుదుటపడింది, ఒక కుర్రవాడి బతుకు నిలబడింది. జమాఖర్చులు చూస్తే జమ వైపే బరువు. కాని ఆ లెక్క నాకు ఎప్పుడూ సరిపోలేదు. ఆ మేలు నేను చేసింది కాదు, ఉస్తాద్ మంచితనం చేసింది. నేను ఇచ్చిన పల్చని రేకును ఆయన తన గాడిలో పెట్టి నిలబెట్టుకున్నాడు. నేను మొదట బద్ధకించాను, తర్వాత కాగితం మీద అబద్ధం రాశాను, చివరికి ఆ అబద్ధాన్నే దయగా చూపించాను. ఉలి పట్టినవాడికి లోతు తగ్గించడానికి ఆకలి అనే కారణమైనా ఉంటుంది. నెల తిరగ్గానే జీతం వచ్చే నాకు ఏం కారణం ఉంది?

ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసి ఆగాను. ఇది తెలుగులో అచ్చవుతుంది. ఆ పనివాడు తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. సంబంధించినవాళ్ళు చదవలేని భాషలో తప్పు ఒప్పుకోవడం కూడా పైపైన గీకిన గాడే. అందుకని పోయిన ఆదివారం పొద్దున్నే ఆయన దుకాణానికి నడిచి వెళ్ళాను. పావుగంటే పట్టింది. ఇరవై ఏడేళ్ళు ఆలస్యంగా నేను చేసిన తనిఖీ అది.

ఆయన ఒక కూజా మీద గాడి తీస్తున్నాడు. నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన ఉలి ఆపలేదు.

"మీరు రాలేదని నాకు తెలుసు కదా సాబ్. డిసెంబరంతా నేను దుకాణంలోనే ఉన్నాను" అన్నాడు.

కొంచెంసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు.

"వెండి ఉంది సాబ్ అప్పుడు. మీరు ఉస్తాద్‌కు చెప్పింది నిజమే. సంక్రాంతి వెళ్ళాక అమ్మాను. మీరు ఒక్కసారి వచ్చి చూసిపోయి ఉంటే నాకు అంత ధైర్యం వచ్చేది కాదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కూర్చోమని పీట జరిపి, టీ తెప్పించి, మళ్ళీ పనిలో పడ్డాడు. నేను టీ తాగుతూ, ఆయన ఉలి కింద నుంచి లేస్తున్న సన్నని లోహపు పొట్టును చూస్తూ కూర్చున్నాను.